దేవుణ్ణి గట్టిగా నమ్మేవాళ్లంతా మతతత్వవాదులేనా?

రోజూ గుడికి వెళ్లే మీ మామయ్యని మీ స్నేహితుడు మతతత్వవాది అన్నాడని, ఆ మాటకి అసలు అర్థమేమిటని అడిగారు.

గుడికి వెళ్లినంత మాత్రాన ఎవరూ మతతత్వవాది అయిపోరండీ. చిక్కు మాటలోనే ఉంది. మతం, తత్వం అని విడదీస్తే మతంలోని సారమేదో అనిపిస్తుంది. రాజకీయాల్లో వాడే అర్థం వేరు. ఒక మతంలో పుట్టినవాళ్లందరికీ ఉద్యోగం, వ్యాపారం, ఓటు అన్నిట్లో లాభనష్టాలు ఒకటేననీ, అవతలి మతంవాళ్లు బాగుపడితే మనకు నష్టమనీ నమ్మడం. ఇందులో దేవుడి ప్రసక్తి పెద్దగా ఉండదు.

నాకిది మా ఇంట్లోనే తెలిసింది. 1990 డిసెంబరులో హైదరాబాద్ అల్లర్లప్పుడు నేను ఏడో తరగతి. పాతబస్తీకి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. మా యూనిఫాంలన్నీ వీధి చివర టైలర్ చాచాయే కుట్టేవారు. ఎదిగే పిల్లాడినని ప్యాంటు అంచులో నాలుగు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలి మడిచేవారు. పొట్టయ్యాక తీసుకెళ్తే అది విప్పి పొడుగు చేసి ఇచ్చేవారు. దానికి డబ్బులు పుచ్చుకునేవారు కాదు.

కర్ఫ్యూ రోజుల్లో నాన్నా పక్కింటివాళ్లూ మేడమీద చేరి "వాళ్లు వస్తున్నారట" అని మాట్లాడుకునేవారు. టెన్షన్‌తో రాత్రిళ్లు ఎవరికీ నిద్ర లేదు. ఆ "వాళ్ల"లో చాచా కూడా ఉన్నారని నాకు తట్టలేదు. కర్ఫ్యూ ఎత్తేశాక నాన్న వెళ్లి పాత బాకీ తీర్చేసి వచ్చారు. గొడవ లేదు, మాటా మాటా అనుకోలేదు. "ఇకనుంచి మన డబ్బు మనవాళ్లకే" అన్నారంతే. నాన్న పండగకైనా గుడిమెట్లు ఎక్కే మనిషి కాదు. మడి కట్టుకుని వంట చేసే నానమ్మ మాత్రం "ఆయనేం చేశాడురా?" అని అడిగింది. నాన్న జవాబివ్వలేదు. ఆ జనవరిలో నా ప్యాంటు పొట్టయితే నానమ్మే సూదీ దారంతో అంచు విప్పి కుట్టింది. ఆ దుకాణం ముందునుంచి బడికి వెళ్లేటప్పుడు తల దించుకునేవాణ్ణి. తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇదే లెక్క ఎన్నికల్లోకి వస్తే రాజకీయ మతతత్వం. 1909 మింటో-మార్లే సంస్కరణల్లో బ్రిటిష్ ప్రభుత్వం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టింది. ఆ స్థానాల్లో అభ్యర్థులూ, ఓటర్లూ ముస్లింలే. 1919, 1935 చట్టాలు ఈ పద్ధతిని మరికొన్ని వర్గాలకూ పాకించాయి. అవతలి మతంవాడి గుమ్మం తొక్కి ఓటు అడగాల్సిన పనే లేనప్పుడు, నాయకుడికి తనవాళ్ల భయాలు పెంచడమే సులువు. అందుకే మన రాజ్యాంగం 325వ అధికరణలో అన్ని మతాలకూ కలిపి ఒకే ఓటర్ల జాబితా అని రాసుకున్నాం. మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య.

మీ మామయ్యని నేనెరుగను. పూజలు చేస్తారన్నదొక్కటే ఆధారమైతే మీ స్నేహితుడు తప్పు మాట అన్నట్టే. ఇల్లు అద్దెకు అడగొచ్చినవాళ్లని, పనికోసం వచ్చినవాళ్లని పేరు వినగానే తిప్పి పంపేస్తారా అన్నది మాత్రం మీరే గమనించి చూడాలి.