సూత్రం ఉండగా విచక్షణి ఎందుకు?

ప్రశ్న: వర్గ సమీకరణాలను సూత్రంతో తేలికగానే సాధిస్తున్నాను. మరి విచక్షణిని విడిగా కనుక్కోమని ఎందుకు అడుగుతారు? వీడియో గేమ్‌ల రూపకల్పనలోనో, మెకానికల్ ఇంజినీరింగ్‌లోనో స్థిరపడాలనుకుంటున్నాను. అక్కడ దీనితో పనిపడుతుందా?

జవాబు: మీరు చెప్పిన రెండు రంగాల్లోనూ పడుతుంది. ఏఎక్స్² + బీఎక్స్ + సీ = 0 మూలాలను, అంటే దాన్ని తృప్తిపరిచే ఎక్స్ విలువలను, ఇచ్చే సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే బీ² − 4ఏసీ విలువే విచక్షణి. గుణకాలు వాస్తవ సంఖ్యలైనప్పుడు అది ధనాత్మకమైతే రెండు వేర్వేరు వాస్తవ మూలాలు ఉంటాయి, సున్న అయితే రెండు మూలాలూ సమానమవుతాయి, రుణాత్మకమైతే వాస్తవ మూలాలే ఉండవు. ఇంతవరకు మీకు తెలిసిందే. అయితే పాఠశాలలో గుణకాలు ఇచ్చి మూలాలు అడుగుతారు. ఉద్యోగంలో చాలాసార్లు కావలసిన మూలాల స్వభావం ముందే నిర్ణయమై ఉంటుంది, దానికి తగిన గుణకాన్ని మీరే ఎంచుకోవాలి.

తలుపు దానంతటదే మూసుకొనేలా బిగించే పరికరాన్ని తీసుకోండి. దాని చలనాన్ని స్థూలంగా ఎంఆర్² + సీఆర్ + కే = 0 అనే సమీకరణంతో వర్ణించవచ్చు; ఇందులో ఆర్ కనుక్కోవలసిన రాశి, ఎం జడత్వాన్ని, సీ అవరోధాన్ని, కే స్ప్రింగ్ బలాన్ని సూచిస్తాయి. సీ² − 4ఎంకే రుణాత్మకమైతే తలుపు ఊగిసలాడుతుంది, ధనాత్మకమైతే ఊగదు గానీ నిదానంగా మూసుకుంటుంది, సున్న అయితే ఊగిసలాట లేకుండా వీలైనంత త్వరగా మూసుకుంటుంది. ఎం = 1, కే = 25 అనుకుంటే సీ విలువ 10 ఉండాలని, మూలాల జోలికే వెళ్లకుండా, విచక్షణి చెప్పేస్తుంది. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

గేమ్‌ల విషయానికొస్తే, కంటి నుంచి తెరలోని ఒక్కో బిందువు గుండా సాగే కిరణం అక్కడి గోళాన్ని తాకుతుందా లేదా అన్నది తేల్చేది కూడా వర్గ సమీకరణమే. 1920×1080 తెరపై 20,73,600 బిందువులుంటాయి. విచక్షణి రుణాత్మకమని తేలిన ప్రతిచోటా వర్గమూలం, భాగహారం చేసే శ్రమ కంప్యూటర్‌కు తప్పుతుంది.

1851లో సిల్వెస్టర్ అనే గణితవేత్త ఆంగ్లంలో విచక్షణికి పెట్టిన డిస్క్రిమినెంట్ అనే పేరుకు కూడా వేరుపరచి చూపేదనే అర్థం. మన పదంలోని విచక్షణ అనే మాటా అదే చెబుతోంది.

కాబట్టి "కే ఏ విలువకు మూలాలు సమానం?" అనే లెక్కలను వదిలిపెట్టకండి. ఎక్స్² + కేఎక్స్ + 9 = 0 తీసుకొని, కే విలువ 5, 6, 7 అయినప్పుడు వచ్చే మూడు పరావలయాలను ఒకే కాగితంపై గీయండి. మొదటిది ఎక్స్ అక్షానికి పైనే ఉండిపోతుంది, రెండోది ఒక్క బిందువు వద్ద తాకుతుంది, మూడోది రెండు చోట్ల ఖండిస్తుంది. గీసే ముందే మూడు విచక్షణులనూ లెక్కించి, ఏది ఎలా వస్తుందో పక్కన రాసి పెట్టుకోండి.