కష్టాల్లో పెరిగిన పిల్లలు గట్టిపడతారా?

"పేదరికంలో పెరిగిన పిల్లలకు లోకజ్ఞానం త్వరగా వస్తుంది, గట్టిగా తయారవుతారు అంటారు. నిజమేనా, లేక ఎదుగుదల దెబ్బతింటుందా?" అని అడిగారు. లోకజ్ఞానం వచ్చే మాట నిజమే. దానికోసం ఏం పోగొట్టుకుంటారో కూడా చూడాలి.

మాది పాలమూరు వైపు పల్లె. మా నాయన మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏటా వలస పోయేవాడు. అమ్మ కూలికి పోయేది. కిరాణా కొట్లో బాకీ పెరిగినప్పుడల్లా సరుకులకు నన్నే పంపేవాళ్లు. పెద్దవాళ్లు పోతే సేటు పాత బాకీ ఎత్తుతాడు, పిల్లగాణ్ణి ఏమీ అనలేడు కదా. నేను పోగానే అడిగేవాణ్ణి కాదు. డబ్బులిచ్చి కొనేవాళ్లు ఉంటే వాళ్లంతా పోయేదాకా పక్కన నిలబడేవాణ్ణి. సేటు మొహం కాస్త తేటగా కనబడ్డప్పుడు, "అర్ధకిలో కందిపప్పు, అమ్మ రాసుకోమంది" అనేవాణ్ణి. ఎనిమిదేళ్ల వయసుకే ఎదుటి మనిషి ఏమనబోతున్నాడో మొహం చూసి పసిగట్టేవాణ్ణి.

ఊళ్లో నాకు బుద్ధిమంతుడని పేరు. "ఏదీ కావాలనడు, ఎంత సర్దుకుపోతాడో" అని మెచ్చుకునేవాళ్లు. బళ్లోనూ అంతే, లెక్క అర్థం కాకపోయినా నోరు తెరవలేదు. అడిగితే ఎవరికో బరువైపోతామన్న భయం లోపల పాతుకుపోయింది. ఈరోజుకీ ఆఫీసులో ఒక్క సెలవు అడగాలంటే ముందురోజు నుంచే టెన్షన్. అందుకే పేదింటి పిల్లలు మరీ అణకువగా కనిపిస్తే నాకు ముచ్చటేయదు, దిగులేస్తుంది.

పసివాళ్ల మెదడు ఎదగడానికి తిండి ఎంత అవసరమో మాటామంతీ అంత అవసరం. పొద్దంతా వంగి నాట్లేసి వచ్చిన మా అమ్మకు కబుర్లు చెప్పే ఓపిక ఎక్కడిది? "నీళ్లు తే, పొయ్యి చూడు, పడుకో" అనడంతోనే రాత్రయిపోయేది. ఇంట్లో నాయనమ్మ ఉండటం మా అదృష్టం. బియ్యం చెరుగుతూనే పొడుపుకథలు వేసేది, విప్పేదాకా వదిలేది కాదు. నాకూ చెల్లికీ నాలుగు మాటలు వచ్చాయంటే ఆమె పుణ్యమే. తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు పోయిన పిల్లలకు ఆ మాత్రం కూడా దొరకలేదు. చదువు మధ్యలో వదిలేసి పోయేవాళ్లు, తిరిగొచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయేవి.

ఇక తిండి. కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా పోషణ సరిగ్గా లేకపోతే ఒళ్లూ మెదడూ రెండూ వెనకబడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. ఇది నన్ను బాగా బాధపెట్టే లెక్క.

అలాగని రెండేళ్లు దాటితే ఇక చేసేదేమీ లేదనుకోవద్దు. 2002 నుంచి యంగ్ లైవ్స్ అనే పరిశోధన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మా మహబూబ్‌నగర్‌తో సహా, సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. పసితనంలో కరువు వల్ల దెబ్బతిన్న పిల్లలు బళ్లో మధ్యాహ్న భోజనంతో చాలావరకు కోలుకున్నారని ఆ సమాచారం ఆధారంగా చేసిన అధ్యయనంలో తేలింది. మా ఇంట్లోనూ ఆ తేడా చూశాను. నా చిన్నప్పుడు బడికి వచ్చినందుకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు, అవి ఇంటిల్లిపాది కుండలోకే పోయేవి. 2003లో మన దగ్గర బళ్లోనే వండిపెట్టడం మొదలైంది. నేను అప్పటికే ప్రాథమిక బడి దాటేశాను, చెల్లికి మాత్రం అందింది. దాని కంచంలో పడ్డ అన్నం అదే తిన్నది.

నా భయం సంగతి కనిపెట్టింది ఎనిమిదో తరగతి లెక్కల సారు. అందరి ముందు లేపి అడగడం మానేసి, రాని లెక్క పక్కన నోటుబుక్కులో పెన్సిలుతో చుక్క పెట్టమన్నారు. సాయంత్రం బుక్కు తీసుకుని, చుక్క ఉన్నచోట మెట్టు మెట్టుగా చేసి ఇచ్చేవారు. కొన్నాళ్లకు చుక్కలు మానేసి నేనే నోటితో అడగడం మొదలుపెట్టాను. మీరు టీచరైనా, ట్యూషన్ చెప్పేవాళ్లయినా ఈ పద్ధతి రేపే మొదలుపెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు.