మడత తప్పిన ప్రోటీన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మామయ్యగారికి 64 ఏళ్లు. దసరాకి చిక్‌పేటలో మా అందరికీ బట్టలు ఆయనే బేరమాడి కొన్నారు. సంక్రాంతికల్లా మమ్మల్నే గుర్తుపట్టడం లేదు. నడిస్తే తూలుతున్నారు, గ్లాసు కింద పడ్డ చప్పుడుకి ఒళ్లంతా ఎగిరిపడుతోంది. డాక్టరుగారు సీజేడీ అని అనుమానిస్తున్నారు. పిల్లలు తాతగారి పక్కనే పడుకుంటారు. అంటుకుంటుందా?
— ఒక కోడలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు పిల్లల సంగతి. పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ముద్దు పెట్టుకున్నా అంటదు. వాళ్లను ఆపకండి.

క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే మెదడు జబ్బునే పొట్టిగా సీజేడీ అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. వాళ్లలో నూటికి 85 మందికి ఎందుకొచ్చిందో చెప్పలేం. వంశంలో ఉండి వచ్చేది తక్కువ. అల్జీమర్స్‌కి ఏళ్లు పట్టే పని దీనికి నెలలు చాలు.

ఈ జబ్బుకు మూలమైన ప్రియాన్ అనే ప్రోటీన్ అందరి నాడీకణాల పైపొర మీదా ఉంటుంది. మామూలుగా అందులో స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు ఎక్కువ. ఎక్కడో ఒకటి, అవే అమైనో ఆమ్లాలతో, చీర కుచ్చిళ్లలా బల్లపరుపుగా మడతపడితే పక్కదాన్నీ తనలాగే మడతపెడుతుంది. చాలామంది దీన్ని పాలల్లో వేసే తోడుతో పోలుస్తారు. మాకా పోలిక నచ్చదు. తోడులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి. ఇందులో ప్రాణమూ లేదు, జన్యువూ లేదు. పటికబెల్లం నయం. పాకంలో వేలాడే దారానికి ఒక పలుకు అంటితే దాని మీద ఇంకోటి పేరుకుంటుంది; గడ్డ విరిగితే ఒక్కో ముక్కా కొత్త విత్తనమవుతుంది. అందుకే అంత వేగం. నాడీకణాలు చచ్చిపోయి, మెదడులో సన్నటి బుడగలు ఏర్పడి మైక్రోస్కోపు కింద స్పాంజిలా కనిపిస్తుంది. ఒంటికి ఇది సొంత సరుకే కాబట్టి జ్వరం రాదు, తెల్లకణాలూ పెరగవు. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి ప్రియాన్ అని పేరు పెడితే నమ్మినవాళ్లు తక్కువ. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎమ్మారైలో డిఫ్యూజన్ చిత్రాలు తీశారా అని అడగండి. మెదడు అంచు తెల్లటి రిబ్బనులా, లోపల కాడేట్, పుటామెన్ భాగాలు మెరుస్తూ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మెదడు విద్యుత్తును గీసే ఈఈజీలో దాదాపు సెకనుకొకటి చొప్పున మొనదేలిన అలలు రావచ్చు. వెన్నునీటిలో 14-3-3 ప్రోటీన్ పక్షవాతంలోనూ పెరుగుతుంది, దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. ఆర్‌టీ-క్విక్ పరీక్ష మేలు: వెన్నునీటి చుక్కను మామూలు ప్రియాన్ ప్రోటీన్‌లో వేసి, వెచ్చగా ఉంచి కుదుపుతారు, చెడ్డ మడత ఉంటే పటికబెల్లంలాగే పేరుకుని, కలిపిన రంగు మెరుస్తుంది. సూది గుచ్చినప్పుడు రక్తం కలిస్తే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు, తేటగా ఉన్న నీరే పంపాలి.

అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడిచేసే ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా మందులకు లొంగుతుంది. దాని యాంటీబాడీలు, బీ12, థైరాయిడ్ చూడకుండా సీజేడీ అని తేల్చడం తొందరపాటు. సీజేడీయే అయితే ఆపే మందు లేదు, ఎక్కువమంది ఏడాదిలోపే పోతారు. ఎగిరిపాటుకు క్లోనజెపామ్ పనిచేస్తుంది. కూర్చోబెట్టి, గొంతులో గబుక్కున జారిపోయే నీళ్ల బదులు చిక్కటి జావ చెంచాతో పట్టండి. మంచం పట్టాక రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి.

ప్రశ్న: ఆదివారమైతే మా ఇంట్లో తలకాయ కూర, భేజా ఫ్రై. పిచ్చి ఆవు జబ్బు ఇలాగే వచ్చిందట కదా? కుక్కర్లో బాగా ఉడికిస్తే చాలదా?
— పాఠకుడు, సైదాపేట, చెన్నై

జవాబు: కుక్కర్ ప్రియాన్‌ను ఏమీ చేయలేదు, దాని వేడి 120 డిగ్రీలు దాటదు. కానీ మీ కూరకు భయపడనక్కర్లేదు. గొర్రెలు, మేకల ప్రియాన్ జబ్బు స్క్రేపీ రెండొందల ఏళ్లకు పైగా తెలిసిందే. తినడం వల్ల మనుషులకు వచ్చిందన్న ఆధారం లేదు. మనుషులకు పాకింది ఆవుల జబ్బు. పశువుల మాంసం, ఎముకల పొడిని మళ్లీ పశువులకే మేపిన బ్రిటన్‌లో అది 1986లో బయటపడింది. 1996లో మనుషుల్లోనూ ఉందని తేలింది, అక్కడ 178 మంది పోయారు. ఈ జబ్బు విషయంలో భారత్‌ది అతి తక్కువ ముప్పున్న దేశాల జాబితా. మామూలు సీజేడీ అంటారా, పుట్టు శాకాహారులకూ వస్తుంది.

ప్రశ్న: సీజేడీ అనుమానమున్న మనిషికి మెదడు బయాప్సీ చేశారు. ఆ పరికరాలకు రోజూ పెట్టే ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) సైకిల్ సరిపోతుందా?
— ఓటీ టెక్నీషియన్, పెరంబూర్, చెన్నై

జవాబు: సరిపోదు. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలకు సూక్ష్మజీవులు చస్తాయి, మడత చెదరదు. స్పిరిట్, ఫార్మాలిన్, గ్లూటరాల్డిహైడ్ అసలు వాడకండి, ప్రోటీన్‌ను ఉక్కుకే అతికిస్తాయి. 1970లలో స్విట్జర్లాండ్‌లో సీజేడీ రోగి మెదడులో వాడిన ఎలక్ట్రోడ్లను ఆల్కహాలుతో తుడిచి, ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టి మళ్లీ వాడితే ఇద్దరు మూర్ఛ రోగులకు జబ్బు వచ్చింది.

ఒకసారి వాడి కాల్చేసే పరికరాలైతే ఉత్తమం. దాచుకోక తప్పదంటే ఆరనివ్వకండి. ఆరితే ఇక వదలదు. లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా చొప్పున కలిపి, పూర్తిగా మునిగేలా గంటసేపు ఉంచండి. తీసి నీటిలో కడిగి, మూతలేని ట్రేలో 121 డిగ్రీల గ్రావిటీ ఆటోక్లేవ్‌లో ఇంకో గంట. ఆ తర్వాతే రోజువారీ శుభ్రం, స్టెరిలైజేషన్. సోడాను నీళ్లలో కలపాలి, నీళ్లు సోడా మీద పోయకూడదు, ఎగజిమ్ముతుంది. అల్యూమినియం ట్రే వాడితే సోడా దాన్నే తినేస్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఆ సెట్టును వేరే డబ్బాలో, పేరు రాసి, తాళం వేసి ఉంచండి.