ఆఫ్రికా దేశాల్లో ప్రభుత్వ జీతాల సంస్కరణలు ఎందుకు బెడిసికొడతాయి?

"దేశాలకి అప్పులిచ్చే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అడిగినప్పుడల్లా ఆఫ్రికా ప్రభుత్వాలు జీతాల ఖర్చు తగ్గిస్తామని ఒప్పుకుంటాయి. ఏడాది తిరక్కముందే సమ్మెలు, మళ్లీ పెంపులు. డబ్బు లేకనా, చిత్తశుద్ధి లేకనా?" అని అడిగారు. నేను మందులు దిగుమతి చేసుకుని ఆసుపత్రులకు సరఫరా చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూశాను, ముందు కెన్యా రాజధాని నైరోబీలో, తర్వాత ఘనా రాజధాని అక్రాలో. మాకు డబ్బులు రావాల్సిన వాళ్లలో చాలామంది ప్రభుత్వాసుపత్రుల వాళ్లే. అక్కడ జీతాల గొడవ మొదలైతే వారం తిరక్కుండా ఆ సెగ మా వసూళ్లకు తగిలేది. అలా అక్కడి పేపర్లలో జీతాల వార్తలు వెతుక్కుని చదవడం నాకు అలవాటైపోయింది. ఆఫ్రికా అంటే యాభైకి పైగా దేశాలు కాబట్టి, నేను దగ్గర్నుంచి చూసిన కెన్యా, ఘనాల గురించే ఎక్కువగా చెప్తాను.

డబ్బు కొరత నిజమే. కానీ సంస్కరణను దెబ్బతీసేది ముఖ్యంగా రెండు విషయాలని నాకనిపిస్తుంది. ఎన్నికల ముందు సంతకం పెట్టి ఎన్నికలయ్యాక ఇవ్వకపోవడం ఒకటి. అందరినీ సర్దుకోమని చెప్పి పైవాళ్లు మాత్రం సర్దుకోకపోవడం రెండోది. ఈ రెండూ ఒకటికి రెండుసార్లు జరిగాక ఏ సంఘమూ కాగితాన్ని నమ్మదు, సమ్మెనే నమ్ముతుంది.

ముందు ఒక పే స్లిప్ సంగతి. నైరోబీలో మా పక్క ఫ్లాట్‌లో ఒక గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్ టీచరమ్మ ఉండేవారు. చుట్టుపక్కల అందరూ ఆవిడని మ్వాలిము (స్వాహిలీలో టీచర్) అనే పిలిచేవాళ్లు. ఓసారి లోను ఫారం నింపిపెట్టమని పే స్లిప్ తెచ్చి నా ముందు పెట్టారు. పైన బేసిక్, దాని కింద ఇంటి అద్దె అలవెన్సు, రాకపోకల అలవెన్సు. ఆ తర్వాత కోతల జాబితా మొదలవుతుంది: పన్ను, ఆరోగ్య బీమా, సంఘం చందా, టీచర్ల సహకార సంఘంలో వాటా సొమ్ము, అక్కడే తీసుకున్న పాత లోను వాయిదా, బ్యాంకు లోను వాయిదా. చివర చేతికొచ్చేది చూస్తే మనసు చివుక్కుమంది. కోతలన్నీ కలిపి జీతంలో మూడింట రెండు వంతులు మించకూడదని కెన్యాలో చట్టం ఉంది. ఆవిడ స్లిప్ సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగి ఉంది. పిల్లల స్కూలు ఫీజులు, ఊళ్లో కొన్న చిన్న స్థలం, తల్లి వైద్యం, అన్నీ ఆ వాయిదాల్లోనే ఉన్నాయి. అలవెన్సులు హేతుబద్ధం చేస్తామని ఆర్థిక శాఖ ప్రకటిస్తే, వచ్చే నెల ఏ వాయిదా తప్పుతుందోనన్న టెన్షన్ ఆవిడకి అప్పుడే మొదలవుతుంది. ఆవిడది స్వార్థం అనే వాళ్లతో నేను ఎప్పటికీ ఒప్పుకోలేను.

అసలు ఇన్ని అలవెన్సులు ఎందుకు పుట్టాయి? 1970లు, 80ల్లో ధరలు మండిపోయి చాలా ఆఫ్రికా దేశాల్లో ప్రభుత్వ జీతాల విలువ కరిగిపోయింది. బేసిక్ పెంచితే పెన్షన్లూ పెరుగుతాయని ఖజానా భయం. దాంతో అద్దెకింత, ప్రయాణానికింత, మారుమూల పోస్టింగ్‌కింత, రిస్కుకింత అని ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకి విడిగా ఇస్తూ పోయారు. ఇరవై ముప్పై ఏళ్లకి బేసిక్ చిన్నదైపోయి చుట్టూ అలవెన్సులు పెరిగాయి. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న ఇద్దరికి, పనిచేసే శాఖని బట్టి జీతాల్లో పొంతన లేకుండా పోయింది. దీన్ని సరిచేయాలన్నది న్యాయమైన కోరికే. కాకపోతే ప్రతి అలవెన్సు వెనకా ఒక సమ్మె ఉంది, దెబ్బలు తిన్న మనుషులున్నారు. ఊరికే వదులుకోమంటే వదులుకోరు.

ఇప్పుడు 1997కి వెళ్దాం. డిసెంబర్లో ఎన్నికలు. అక్టోబర్లో కెన్యా టీచర్లు సమ్మెకి దిగారు. అధ్యక్షుడు మోయి ప్రభుత్వం 150 నుంచి 200 శాతం దాకా జీతాలు పెంచుతామని, దాన్ని ఐదేళ్లలో దశలవారీగా ఇస్తామని ఒప్పుకుంది, గెజిట్‌లో కూడా వేసింది. ఎన్నికలు గెలిచింది. మొదటి దశ ఇచ్చి తర్వాత చేతులెత్తేసింది. 1998లో మళ్లీ సమ్మె, 2002లో సమ్మె. ఆ 1997 నోటిఫికేషన్‌లోని అలవెన్సులు ఇంకా బాకీ ఉన్నాయంటూ 2013లోనూ సమ్మె చేశారు. పదహారేళ్ల పాత కాగితం! సంఘం నాయకులు దాని నంబరుతో సహా అప్పజెప్పేవాళ్లు. మ్వాలిము గారు ఉద్యోగంలో చేరేనాటికే ఆ గొడవ పాతది, అయినా ఆవిడకి ప్రతి వివరమూ తెలుసు.

ఈ చరిత్రంతా చూసే కాబోలు, 2010 రాజ్యాంగంలో కెన్యా మంచి పని చేసింది. ప్రభుత్వ జీతాల మీద సలహా చెప్పడానికి స్వతంత్ర వేతన కమిషన్ పెట్టింది. నాయకుల జీతాలు నిర్ణయించే పని కూడా దాని చేతికే ఇచ్చింది. కమిషన్ మొదటి అధ్యక్షురాలు సారా సెరెమ్ 2013 ఎన్నికల ముందు ఎంపీల జీతాన్ని నెలకి సుమారు 8,51,000 షిల్లింగుల నుంచి 5,32,500కి తగ్గించారు. కొత్తగా గెలిచిన ఎంపీలు మొదటి పనిగా దాని మీద పడ్డారు. మే నెలలో కమిషన్ గెజిట్ చెల్లదని సభలో తీర్మానం చేసేశారు. అదే నెలలో జనం కోపంతో పార్లమెంటు ముందు పందుల్ని వదిలి, రక్తం పోసి నిరసన తెలిపారు. ఆ రోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికెళ్తుంటే బస్సులో ప్రతి ఒక్కరూ దీని గురించే మాట్లాడుకుంటున్నారు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, జీతం 5,32,500కే ఒప్పుకుని, దాని బదులు కారు కొనుక్కోవడానికి 50 లక్షల షిల్లింగుల గ్రాంటు, మైలేజీ, కమిటీ సిట్టింగ్ అలవెన్సులు తీసుకున్నారు. అలవెన్సులు పెరిగిపోయి వ్యవస్థ పాడైందని టీచర్లకి చెప్పే వాళ్లే తమకి వచ్చేసరికి సరిగ్గా అలవెన్సుల దారే పట్టారు. దేశం మొత్తం చూస్తుండగా జరిగింది ఇది. 2014లో అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా, ఉపాధ్యక్షుడు రూటో 20 శాతం జీతం తగ్గించుకుంటున్నామని ప్రకటించినా అప్పటికే ఎవరికీ నమ్మకం లేదు.

దాని ఫలితం 2015లో కనిపించింది. కార్మిక కోర్టు టీచర్లకి 50 నుంచి 60 శాతం పెంపు ఇవ్వమంది. ఇవ్వలేము, ఇవ్వబోము అని కెన్యాట్టా టీవీలోకి వచ్చి చెప్పేశారు. ఐదు వారాలు బడులు మూతపడ్డాయి, ప్రైవేటు బడుల్ని కూడా మూసేయమన్నారు. సమ్మె చేసిన వాళ్లకి సెప్టెంబర్ జీతం ఆపేశారు. పైకోర్టు నవంబర్లో ఆ పెంపు కొట్టేసింది. ఖజానా గెలిచినట్టే అనిపించింది కదా? ఏడాది తిరిగేలోపు, 2016 అక్టోబర్లో, అదే టీచర్లతో 54 బిలియన్ షిల్లింగుల ఒప్పందం కుదిరింది. అమలు 2017 జులై నుంచి. ఎన్నికలు 2017 ఆగస్టులో. ఇక సంఘాలు నేర్చుకున్న పాఠం ఏమై ఉంటుందో మీరే ఊహించండి.

ఆ మధ్యలోనే డాక్టర్ల సమ్మె. 2013లో రాసుకున్న ఒప్పందం అమలు చేయలేదని 2016 డిసెంబర్ 5న మొదలుపెట్టి 100 రోజులు చేశారు. ఫిబ్రవరిలో సంఘం నాయకుల్ని జైల్లో కూడా పెట్టారు. ఆరోగ్య శాఖ అప్పటికే 47 కౌంటీల (జిల్లాల్లాంటి స్థానిక ప్రభుత్వాల) చేతికి వెళ్లిపోయింది కాబట్టి జీతం ఇవ్వాల్సింది ఎవరో, మాట ఇచ్చింది ఎవరో, ఒకరి మీద ఒకరు తోసుకునేవాళ్లు. మా గోడౌన్‌లో ఆ తేడా స్పష్టంగా తెలిసింది. కౌంటీ ఆసుపత్రుల ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. ఆపరేషన్ థియేటర్‌కి వాడే మత్తు మందులు, కుట్ల దారాలు అలాగే ఉండిపోయాయి. చర్చిలు నడిపే మిషన్ ఆసుపత్రుల నుంచి మాత్రం రోజూ అర్జెంట్ ఫోన్లే, ఎంత పంపినా చాలేది కాదు. డబ్బున్న వాళ్లు ప్రైవేటుకి వెళ్లారు. లేని వాళ్లలో ఎంతమంది ఇంట్లోనే ఉండిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఘనా కథ వేరు. అక్కడ నిజాయితీగా ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. చెదిరిపోయిన జీతాలన్నిటినీ 25 స్థాయిలున్న ఒకే పట్టికలోకి తెచ్చే సింగిల్ స్పైన్ విధానం అది. దానికోసం 2007లో ఒక కమిషన్ కోసం చట్టం చేసింది ఒక పార్టీ, 2010లో అమలు మొదలుపెట్టింది ఇంకో పార్టీ. ఇది నిజంగా మెచ్చుకోవలసిన విషయం. ముందుగా పోలీసులని కొత్త పట్టికలోకి మార్చారు. వాళ్ల జీతాలు పెరిగాయని తెలియగానే మిగతా వాళ్లు తమ వంతు ఎప్పుడని లెక్కలు మొదలుపెట్టారు. 2011లో టీచర్ల చేతికి కొత్త స్లిప్పులు వచ్చాయి, అనుకున్నంత పెరగలేదని మార్చిలో సమ్మె చేశారు. అదే ఏడాది డాక్టర్లూ సమ్మెకి దిగారు. అరుదైన నైపుణ్యం ఉన్న వాళ్లకి మాత్రమే ఇవ్వాల్సిన మార్కెట్ ప్రీమియం మాకూ కావాలని ప్రతి సంఘమూ అడిగింది. అంతకుముందు ఎవరి జీతం ఎంతో పక్కవాళ్లకి సరిగ్గా తెలిసేది కాదు. ఒకే పట్టిక వచ్చాక అందరికీ అందరివీ కనిపించాయి. ఒకే పందిట్లో భోజనాలకి కూర్చోబెట్టి, ఒక వరుసకి ముందు వడ్డించినట్టు అయింది. విడతలవారీగా మార్చడమే పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

పైగా 2012 ఎన్నికల ఏడాది. బకాయిలతో సహా జీతాలు కుమ్మరించారు, లోటు జీడీపీలో 11 శాతం దాటింది. పన్నుల రాబడిలో దాదాపు 70 శాతం జీతాలకే పోతోందని ప్రభుత్వమే చెప్పుకోవలసి వచ్చింది. 2013 ఆగస్టులో హో పట్టణంలో సంఘాలనీ అధికారులనీ కూర్చోబెట్టి చర్చ పెట్టారు కానీ అప్పటికే ఆలస్యమైంది. 2015 ఏప్రిల్లో ఐఎంఎఫ్ దగ్గర 918 మిలియన్ డాలర్ల కార్యక్రమానికి వెళ్లారు. దానికి నెల ముందు అధ్యక్షుడు మహామా బోట్స్వానాలో ఘనా వాళ్లతో మాట్లాడుతూ, చచ్చిన మేకకి కత్తి చూపిస్తే భయపడదు, నా పరిస్థితీ అంతే, సమ్మెలు చూసీ చూసీ నాకు అలవాటైపోయింది అన్నారు. అక్రాలో ఆ మాట చాలాకాలం జనం నోళ్లలో నానింది. జీతం రాని నర్సుకి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

పొదుపులో భాగంగా ఆయన ప్రభుత్వం టీచర్, నర్సింగ్ ట్రైనీలకిచ్చే నెలవారీ భత్యం ఆపేసింది. మా ఆఫీసులో నాతో పనిచేసే కుర్రాడి చెల్లెలు అప్పుడు నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉండేది. ఆ అమ్మాయి మెస్ ఖర్చు మొత్తం ఇతని జీతం మీద పడింది. 2016 ఎన్నికల్లో ప్రతిపక్షం ఆ భత్యం మళ్లీ ఇస్తామని మాటిచ్చింది, గెలిచింది, 2017లో ఇచ్చింది. ఒక ప్రభుత్వం చేసిన పొదుపు ఇంకో పార్టీ ఎన్నికల హామీ అవుతుందన్నమాట. ఐఎంఎఫ్ పట్టికల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు.

టాంజానియాలో అధ్యక్షుడు మగుఫులి 2016లో పది వేలకి పైగా లేని ఉద్యోగుల పేర్లు జాబితాల్లోంచి తీసేయించారు. మంచిదే, కానీ దొంగ పేర్ల తరఫున మాట్లాడే సంఘం ఉండదు కాబట్టి అది సులువైన భాగం. ఉగాండాలో 2022లో సైన్స్ చెప్పే గ్రాడ్యుయేట్ టీచర్ల నెల జీతం 40 లక్షల ఉగాండా షిల్లింగులకి పెంచి, పక్క కుర్చీలో కూర్చుని ఇంగ్లిషో చరిత్రో చెప్పే వాళ్లని అలాగే వదిలేశారు. జూన్‌లో ఆర్ట్స్ టీచర్లు సమ్మెకి దిగారు. ఒకే స్టాఫ్ రూమ్‌లో అంత తేడా పెట్టి శాంతి ఉంటుందని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

మన దగ్గరా పీఆర్సీ ఫిట్‌మెంట్ కోసం పెద్ద గొడవలే జరిగాయి. 2022 ఫిబ్రవరిలో ఏపీ ఉద్యోగుల చలో విజయవాడ మీకు గుర్తుండే ఉంటుంది. కానీ ఒక పీఆర్సీ వస్తే అందరికీ ఒకే ఫిట్‌మెంట్, ఒకే జీవో. ఎవరి సంఘం వాళ్లు విడిగా ఏళ్ల తరబడి బేరమాడే పద్ధతి లేదు. కెన్యాలో కష్టమంతా అక్కడే ఉంది.

ఇక మీ ప్రశ్నలో ఐఎంఎఫ్ సంగతి. జీతాల బిల్లు రాబడిలో ఇంత శాతం అని లెక్క వేసినప్పుడు, రాబడి ఎంత తక్కువో కూడా చూడాలి. ఘనాలో జీడీపీతో పోలిస్తే పన్నుల రాబడి చాలా తక్కువగా ఉండేది. అక్కడ జీతాల శాతం పెద్దగా కనిపించడానికి సగం కారణం అదే. మరోపక్క చదువు పూర్తిచేసిన నర్సులు పోస్టింగ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారు, ఆసుపత్రుల్లో మాత్రం మనుషులు చాలరు. నియామకాలు ఆపేస్తే కాగితం మీద ఖర్చు తగ్గుతుంది, వార్డులో ఒక నర్సు ఇద్దరి పని చేస్తుంది. నన్నడిగితే తక్కువకే సంతకం పెట్టండి, పెట్టిన దాన్ని ఆ నెలకే ఇవ్వండి, అందరికీ ఒకే రోజు మార్చండి, కోత ఉంటే పార్లమెంటు నుంచే మొదలుపెట్టండి అంటాను.

కెన్యాలో ఇది ఇంకా సాగుతూనే ఉంది. 2017లో డాక్టర్లతో కుదిరిన ఒప్పందంలో ఇంటర్న్ డాక్టర్‌కి నెలకి సుమారు 2,06,000 షిల్లింగులని రాశారు. 2024లో వేతన కమిషన్ 70,000 చాలంది. డాక్టర్లు ఆ మార్చిలో మొదలుపెట్టి 56 రోజులు సమ్మె చేశారు. అది ముగిసిన రెండు నెలలకే, యువత వీధుల్లో పన్నుల మీద పోరాడుతున్న సమయంలో, ఎంపీల జీతాల పెంపు విషయం బయటికొచ్చి జనం మండిపడితే ఆపాల్సి వచ్చింది. ఇంటర్న్‌ల జీతం 2017 ఒప్పందం ప్రకారమే ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది 2024 డిసెంబర్లో.