లివర్ క్యాన్సర్, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: పని మొదలుపెట్టే ముందు

చి. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరులో ల్యాబ్ దొరికిందని, లివర్ క్యాన్సర్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల (జన్యువుల నుంచి ప్రోటీన్ తయారవడాన్ని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) మీద పని ఇచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమమ్మా. యలహంక నుంచి మీ క్యాంపస్ దగ్గరే, ఎప్పుడైనా ఇంటికి రా. ఈలోగా నాకు తోచినవి రాస్తున్నాను.

పేపర్లు తిరగేస్తే కణితిలో ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గింది, అది పెరిగింది అనే జాబితాలు కుప్పలుగా దొరుకుతాయి. వాటితో తృప్తి పడకు. ఆ మార్పు కణితికి కారణమా, కణితి వల్ల వచ్చిందా? నువ్వు తేల్చాల్సింది అదే.

మిర్-122 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ సంగతే చూడు. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో దాదాపు 70 శాతం ఇదే. చాలా కణితుల్లో బాగా పడిపోతుంది. 2012లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలను గమనిస్తే లివర్‌కి ముందు కొవ్వు పట్టింది, తర్వాత వాపు, ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడటం), చివరికి కణితులు. అప్పుడు గానీ కారణమని గట్టిగా అనలేకపోయారు. అదే మిర్-122 హెపటైటిస్ సి వైరస్ పెరగడానికీ కావాలి! అందుకే దేన్నీ మంచిది, చెడ్డది అని రాసెయ్యకు. ఏ కణంలో, ఏ టార్గెట్ (అది అణచే జన్యువు) మీద పనిచేస్తోందో రాయి.

సెల్ లైన్ (ల్యాబ్‌లో పెంచే కణాలు) ఎంచుకునే దగ్గర చాలామంది తొందరపడతారు. హెప్‌జీ2 పిల్లలకు వచ్చే హెపటోబ్లాస్టోమా అనే లివర్ కణితి నుంచి తీసింది, అందులో మిర్-122 చాలా తక్కువ. హుహ్7లో బాగా ఉంటుంది. కాబట్టి మిమిక్ (ల్యాబ్‌లో చేసిన నకలు) ఇచ్చి పెంచి చూడాలంటే మొదటిది, ఇన్హిబిటర్‌తో అణచాలంటే రెండోది. మిమిక్ డోసు మరీ ఎక్కువైతే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పనిచేయడానికి ఎక్కి కూర్చునే ఆర్గోనాట్ ప్రోటీన్ల మీద కణం సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు చోటు దొరకదు, లేనిపోని ఫలితాలు వస్తాయి. తక్కువతో మొదలుపెట్టు.

టార్గెట్లను అంచనా వేసే టార్గెట్‌స్కాన్ సాఫ్ట్‌వేర్ చూపించిన ప్రతి జన్యువూ నిజమైన టార్గెట్ కాదు. మిర్-21, కణితుల్ని అడ్డుకునే పీటెన్ జన్యువుని అణచి కణాల పెరుగుదలకు దారి ఇస్తుందని చెప్పాలన్నా, వెలుగునిచ్చే లూసిఫరేజ్ జన్యువుకి పీటెన్ 3' యూటీఆర్ (సందేశ ఆర్‌ఎన్‌ఏ చివర, ప్రోటీన్‌గా మారని భాగం) తగిలించి, మిర్-21 సీడ్ (టార్గెట్‌ని పట్టుకునే దాని మొదటి భాగం) అతుక్కునే చోటు మార్చి చూడాలి. మార్చాక అణచివేత పోతే నేరుగా పట్టుకుంటున్నట్టే. ఆపైన యూటీఆర్ లేని పీటెన్‌ని కణాల్లోకి పంపి, పెరుగుదల తిరిగి తగ్గుతుందేమో చూడు. ఈ ఆఖరి ప్రయోగం ఎంత టెన్షన్‌లో ఉన్నా వదలకు. ఒక్కో టార్గెట్ మీద ప్రభావం సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏని కొలిచే పీసీఆర్‌తో సరిపెట్టక ప్రోటీన్‌ని కొలిచే వెస్టర్న్ బ్లాట్ కూడా చెయ్యి.

రోగుల సీరం (రక్తంలోని ద్రవ భాగం) వస్తే ముందు రంగు చూడు. గులాబీ ఛాయ ఉంటే పక్కన పెట్టు. పగిలిన ఎర్రకణాల నుంచి మిర్-451, మిర్-16 వచ్చి చేరతాయి, మిర్-16ని కొలబద్దగా పెట్టుకుని మిగతావి నార్మలైజ్ చేస్తే లెక్కంతా తారుమారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, దీని చివర మనుషులున్నారు. కణితుల్ని అణచే మిర్-34ఎ మిమిక్‌ని లివర్ క్యాన్సర్ రోగులకు కూడా ఇచ్చి చూశారు. రోగనిరోధక వ్యవస్థ వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు రావడంతో 2016లో ఆ ట్రయల్ ఆపేశారు.

లూసిఫరేజ్ కన్‌స్ట్రక్ట్ ఆర్డర్ పెట్టే ముందు సీక్వెన్స్ నాకు వాట్సాప్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న