రెండో ఫోన్ కొన్నావని తెలిసి

అమ్మలూ,

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు గోదావరి ఇసుక ర్యాంపుల మీద వార్త రాయబోతున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో "మన పిల్ల ర్యాంపుల మీద రాస్తుందట" అని రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కొత్త సిమ్‌తో రెండో ఫోన్ కొన్నావనీ, ఇక ఎవరికీ దొరకననీ అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

ఎలా దొరకవే? ఆ సిమ్ నీ ఆధార్ మీదే కదా తీసుకున్నావు. *#06# నొక్కి చూడు, 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. సిమ్ మార్చినా సెట్‌కి ఆ నంబరే ఉంటుంది. పైగా రెండు ఫోన్లూ ఒకే హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకు తిరుగుతావు. పొద్దున ఒకే ఇంటి నుంచి బయలుదేరి, ఒకే ఆఫీసు దగ్గర ఆగి, రాత్రికి ఒకే టవర్ కిందికి చేరే రెండు ఫోన్లు ఒకరివేనని తెలుసుకోవడానికి పేరు అడగాలా? 2013లో 15 లక్షల మంది మొబైల్ రికార్డుల మీద ఒక పరిశోధన జరిగింది. పేర్లు తీసేసినా సరే, ఒక మనిషి ఏ వేళకి ఏ టవర్ దగ్గరున్నాడో నాలుగుసార్లు తెలిస్తే చాలట, నూటికి 95 మందిని విడిగా గుర్తుపట్టొచ్చట.

పొడుగు పాస్‌వర్డ్, వచ్చిన అప్‌డేట్ వచ్చినట్టు వేసుకోవడం, అక్కర్లేని యాప్‌లకి లొకేషన్, మైక్ ఆపెయ్యడం నీకు తెలిసినవే. చెయ్యి, అంతే.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నేను పత్రికకి కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో ఒక లారీ డ్రైవర్ నాకు రాత్రి ఇసుక లోడ్ల సంగతి చెప్పేవాడు. ఎన్ని లారీలు, ఏ గట్టు మీదుగా, ఎన్నింటికి, అన్నీ. లంక ఊరి మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. "నా పేరు రాదు కదండీ" అని ప్రతిసారీ అడిగేవాడు. రాదన్నాను, రానివ్వలేదు. డెస్క్ వాళ్లకి కూడా చెప్పలేదు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. కానీ ఆ వారంలో అతనికి 11 సార్లు ఫోన్ చేశాను, నా సొంత నంబర్ నుంచి. లెక్క సరిచూసుకోవడానికి కొన్ని, ఉత్సాహం ఆపుకోలేక కొన్ని.

వార్త వచ్చిన తర్వాత కాల్ లిస్ట్ ఎవరు, ఎలా తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఓనరు ఆ కాగితం అతని ముందు పెట్టాడట. నా నంబర్ కింద ఎర్రగీతలు. మేం ఏం మాట్లాడుకున్నామో అందులో లేదు, మాట్లాడామని ఉంది. దానికే పని పోయింది, చెయ్యి విరిగింది. నేను వెళ్తే వాళ్లావిడ గుమ్మంలోంచే "వెళ్లిపోండి బాబూ" అంది. కోప్పడినా బాగుండేది. ఆ కుటుంబం ఊరు వదిలి ఎటు వెళ్లిందో తెలుసుకోలేకపోయాను.

అందుకే అమ్మలూ, నీ గురించి ఎంత భయమో నీతో మాట్లాడేవాళ్ల గురించి అంతకన్నా ఎక్కువ భయం. కాల్ రికార్డులు ఇప్పుడు కంపెనీల దగ్గర కనీసం రెండేళ్లు ఉంటాయి. వాట్సాప్ మాటని దాస్తుంది, ఎవరితో ఎప్పుడు మాట్లాడావన్నది కంపెనీకి తెలియకుండా దాచదు. సిగ్నల్ అనే మెసేజ్ యాప్ తన దగ్గర ఉంచుకునేది చాలా తక్కువ, ఖాతా తెరిచిన రోజు, చివరిసారి వాడిన రోజు, అంతే. అయినా నీకు సంగతులు చెప్పే మనిషి ఫోన్ ఎవరైనా లాక్కుని తెరిస్తే ఏ తాళమూ పనిచేయదు. మెసేజ్‌లు వాటంతట అవే పోయేట్టు పెట్టించు, నీ పేరుతో నంబర్ సేవ్ చేసుకోవద్దని చెప్పు. అతను పంపిన ఫోటో ఉన్నది ఉన్నట్టు డెస్క్‌కి పంపకు. 2012 డిసెంబర్‌లో పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్న జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని బయటపెట్టింది ఒక పత్రిక వేసిన ఫోటో ఫైల్‌లో దాగి ఉన్న లొకేషనే. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన మనిషికే అలా జరిగింది.

నీకు సంగతులు చెప్పే మనిషిని కలవడానికి వెళ్లే రోజు రెండు ఫోన్లూ ఇంట్లోనే వదిలెయ్యి. స్విచ్ ఆఫ్ చేసి సంచిలో వేసుకోవడం కాదు, రోజూ మోగే ఫోన్ సరిగ్గా ఆ రెండు గంటలే ఆగిపోతే అదీ ఒక గుర్తే.

ఇలా రాస్తూనే, ఫోన్ లేకుండా ఆడపిల్ల గట్టు మీద నిలబడితే ఎలా అని నా చెయ్యి ఆగిపోతోంది. రాత్రిపూట వద్దు. పగలే వెళ్లు, నమ్మకమైన తోడు తీసుకెళ్లు. ముందురోజు మా ఇంటికొచ్చి, ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో కాగితం మీద రాసి నాకివ్వు. చదివి జేబులో పెట్టుకుంటాను. నువ్వొచ్చాక పొయ్యిలో వేద్దాం. పెద్దమ్మ ఆ రోజు పులస దొరికితే పులస, లేకపోతే పప్పుచారు పెడతానంది. ఎంత ఆలస్యమైనా నీకోసం అరుగు మీదే కూర్చుని ఉంటాను.

మీ పెదనాన్న