సోడియం ఎందుకు చిమ్మింది, పాత ముక్కలను ఏం చేయాలి

సార్, నీళ్ళున్న పరీక్షనాళికలో బఠాణీ గింజంత సోడియం వేస్తే చిమ్మిందన్నారు, సీసాలోని పాత ముక్కలను ఏం చేయాలనీ అడిగారు. ముక్క పెద్దది, పాత్ర ఇరుకు, అదే కారణం. సోడియం సుమారు 98 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, గుండ్రటి బొట్టై నీటిపై పరుగెత్తాలి. గాజుకు అతుక్కుంటే వేడంతా ఒకేచోట చేరి, వెలువడే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ఈసారి వెడల్పాటి గాజు తొట్టిలో సగం వరకు నీళ్ళు, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు మారే సూచిక). ముక్క బియ్యపు గింజంతే. ముక్కకు అంటిన నిల్వ కిరోసిన్‌ను ఫిల్టర్ పేపర్‌తో అద్దేసి, పటకారుతో వదలండి. కళ్ళద్దాలు, ముందు అడ్డుతెర తప్పనిసరి. బొట్టు మాయమయ్యే చివరి క్షణంలోనే ఎక్కువగా చిట్లుతుంది, అప్పుడు ఎవరూ వంగి చూడకూడదు.

సీసాలోని ముక్కలపై తెల్లపొర హైడ్రాక్సైడ్, కార్బొనేట్. పొడి కత్తితో చెక్కేస్తే లోపల వెండిలా మెరిసే లోహం వాడుకోవచ్చు. చెక్కిన తునకలను సింకులో వేయకండి. మంటలకు దూరంగా, గాలి ఆడేచోట, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్కటిగా వేయండి. బుడగలు పూర్తిగా ఆగాకే నీళ్ళు కలపండి. సోడియం అంటుకుంటే ఆర్పడానికి పక్కన పొడి ఇసుక ఉంచుకోండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఈ మంటకు పనికిరాదు.

పొటాషియం సీసా కూడా ఉంటే, దానిపై పసుపు పొర కనిపిస్తే మాత్రం కత్తి పెట్టొద్దు. అది సూపర్ఆక్సైడ్ (ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న పొటాషియం సమ్మేళనం), కోతలోనే పేలవచ్చు.